గైడు గారికి కోపం రాకుండా ఇంకొకరి సాయం అడగడం ఎలా? (ఎస్‌పీఎం పీజీ, ఫ్లోరైడ్ థీసిస్)

పొదిలి పిల్ల

అందరికీ నమస్కారం. నేను ఎస్‌పీఎం (సామాజిక, నివారణ వైద్యం) పీజీ మొదటి సంవత్సరం. కాలేజీ పేరు చెప్పను, ఒంగోలుకీ నెల్లూరుకీ మధ్య ఎక్కడో అనుకోండి.

మాది పొదిలి దగ్గర పల్లె. గారపళ్ల గురించి మా ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు, ఒకరినొకరు చూసుకుంటే చాలు. పీజీలో చేరినప్పుడే థీసిస్ ఫ్లోరోసిస్ మీద, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బు మీద చేయాలనుకున్నాను. మా గైడు గారు మంచివారు, ఒక్క మాట పరుషంగా అనరు. కానీ విషయం చెప్పగానే, "ఇంటర్న్‌ల మీద నాలెడ్జ్, యాటిట్యూడ్, ప్రాక్టీస్ స్టడీ ఒకటి పెట్టుకోమ్మా. గూగుల్ ఫామ్ హాస్టల్ గ్రూపులో వేస్తే వారంలో డేటా వచ్చేస్తుంది. ఎండలో పల్లెలెంట తిరగడం నీకెందుకు" అన్నారు. ఆయన కింద ఇంకా పీజీలు ఉన్నారు, పైన పరీక్షల పనీ ఇన్‌స్పెక్షన్ కాగితాలూ. ఆయనతో మాట్లాడేదంతా కారిడార్‌లో నడుస్తూనే.

నాకు థీసిస్ అయిపోతే చాలు అని లేదు. తర్వాత కూడా రీసెర్చ్‌లోనే ఉండాలని ఉంది. అది ఎలా చేయాలో చూపించే మనిషి మాత్రం కాలేజీలో కనపడటం లేదు. బయట ఎవరినైనా అడిగితే గైడు గారు ఏమనుకుంటారోనని టెన్షన్. సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) ఇవ్వాల్సిన గడువు దగ్గర పడింది. ఎవరైనా దారి చెప్పండి.

మార్కాపురం పలక

తల్లీ, నాది జనరల్ మెడిసిన్, మొన్ననే బయటపడ్డా. పెద్దాయన చెప్పింది విను. థీసిస్ ఎవరూ చదవరు. లైబ్రరీలో పెట్టాక నా థీసిస్ నేనే మళ్లీ తెరవలేదు. పరీక్షకు ఆరు నెలల ముందే థీసిస్ యూనివర్సిటీకి చేరాలి, లేకపోతే పరీక్షకే కూర్చోనివ్వరు. అది గుర్తుపెట్టుకుని హాస్టల్లో గూగుల్ ఫామ్ వేసుకో, మిగతా టైము చదువుకో. రీసెర్చ్ అంటావా, ముందు ఉద్యోగం వచ్చాక చూసుకుందువు.

ఉదయగిరి కొండ

పలక గారు చెప్పిన గడువు మాట నిజం. మిగతాది నేను ఒప్పుకోను.

పొదిలి పిల్ల గారూ, నేను ఎస్‌పీఎంలోనే అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ముందు ఒకటి చెప్పాలి. మీ గైడు గారికి ఫ్లోరైడ్ అంటే అయిష్టమని మీరు రాసినదాంట్లో నాకెక్కడా కనపడలేదు. "ఈ పిల్ల మధ్యలో ఇరుక్కుంటే నేనే బయటికి లాగాలి, నాకంత టైము లేదు" అన్న భయం కనపడుతోంది. ఆ భయం పోయే పని చేయండి. ఒకే ఒక్క పేజీ రాయండి: ఏ ప్రశ్న, ఏ ఊళ్లు, ఎంతమంది, ఏం కొలుస్తారు, నీళ్లు ఎక్కడ పరీక్ష చేయిస్తారు, ఏ నెలలో ఏ పని. చివర, ఫలానా నెలకల్లా ఎథిక్స్ కమిటీ అనుమతి రాకపోతే మీరు చెప్పిన ఇంటర్న్‌ల స్టడీకే మారిపోతాను సార్ అని రాయండి. ఆ చివరి వాక్యానికి ఆయన మెత్తబడతారు, చూడండి.

బయటివాళ్లను అడగడం గురించి. చాటుగా మాత్రం అడగొద్దు. కో-గైడ్ అన్న పద్ధతి ఉన్నదే ఇందుకు. మీ పనికి పళ్లు చూడటం తెలిసిన మనిషి కావాలి. నెల్లూరులో డెంటల్ కాలేజీ ఉంది, అక్కడి పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ వాళ్లలో ఒకరిని కో-గైడ్‌గా పెట్టుకుంటాను సార్ అని గైడు గారినే అడగండి. వీలైతే మొదటి ఉత్తరం ఆయన చేతనే రాయించండి. తన ద్వారా వచ్చిన మనిషంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఇంకొక సంగతి. అన్నీ నేర్పే ఒక్క గురువు దొరుకుతారని ఎదురు చూడకండి. మన వైపు చిన్న ఊళ్లలో అలాంటివారు అరుదు, పెద్ద సంస్థల్లో కూడా వాళ్ల దగ్గర క్యూ ఉంటుంది. నాకు లెక్కలు ఒకరు నేర్పారు, పేపర్ రాయడం ఇంకొకరు నేర్పారు, ఏ ఉద్యోగానికి అప్లై చేయాలో మూడో మనిషి చెప్పారు. ఆ ముగ్గురికీ ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఎవరిని ఏది అడగాలో విడగొట్టుకోండి. "సార్, నాకు మెంటర్‌గా ఉండండి" అని మెయిల్ పెడితే సమాధానం రాదు. "ఈ ప్రశ్నావళిలో నాలుగో ప్రశ్న ఇలా అడగొచ్చా" అని పెడితే ఆ రాత్రికే వస్తుంది.

మైపాడు అల

స్టాటిస్టిక్స్ చెప్పే మనిషిని. ఒక్క ప్రశ్న: శాంపిల్ ఎంతమంది అనుకున్నారు?

పొదిలి పిల్ల

వంద. సీనియర్లందరూ వందే రాశారు మేడమ్.

మైపాడు అల

అదే అనుకున్నా. ఆ వంద ఎక్కడినుంచి వచ్చిందో పదేళ్లుగా అడుగుతున్నా, ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఒక ఊళ్లో ఎంతమందికి ఫ్లోరోసిస్ ఉందో తెలుసుకోవడమే మీ ప్రశ్న అయితే లెక్క తేలిక. నాలుగు పీక్యూ బై డీ స్క్వేర్. పీ అంటే జబ్బున్నవాళ్ల శాతం, క్యూ అంటే లేనివాళ్ల శాతం, డీ అంటే మనం ఒప్పుకునే తేడా. శాతం ఎంతో అసలేమీ తెలియకపోతే పీ 50 అనుకోండి, క్యూ కూడా 50. అటూ ఇటూ 5 శాతం తేడా చాలనుకుంటే 4 × 50 × 50 ÷ 25, అంటే 400. ముందు జరిగిన స్టడీలో 30 శాతం అని ఉంటే 4 × 30 × 70 ÷ 25, అంటే 336. కానీ ఆ ముందరి స్టడీ ఎక్కడిదో చూడాలి. బోరు నీళ్లు వేరైన ఊరి శాతం తెచ్చి మీ ఊరికి పెడితే లాభం లేదు.

అసలు చిక్కు ఇది కాదు. మీరు బడులకు వెళ్లి పిల్లల్ని చూస్తారనుకుందాం. ఒకే బడి పిల్లలు ఒకే ఊరివాళ్లు, ఒకే నీళ్లు తాగినవాళ్లు. నలభై మందిని చూసినా నలభై వేర్వేరు సమాచారాలు రావు. అందుకని డిజైన్ ఎఫెక్ట్ అని ఒకటి పెట్టి శాంపిల్ పెంచాలి. అది 2 అనుకుంటే 400 కాస్తా 800. భయపడకండి, పళ్లు చూడటానికి ఒక్కొక్కరికి ఎక్కువసేపు పట్టదు. బడుల సంఖ్య పెంచి ఒక్కో బడిలో తక్కువమందిని చూస్తే ఇంకా మంచిది.

పళ్ల మీద ఫ్లోరోసిస్ తీవ్రతను కొలిచే డీన్స్ ఇండెక్స్ వాడతారు కదా? మీరు "మైల్డ్" అన్నదాన్ని డెంటల్ వాళ్లు "మోడరేట్" అంటే మీ డేటా అంతా పోయినట్టే. మొదలుపెట్టకముందే కొంతమంది పిల్లల్ని ఇద్దరూ విడివిడిగా చూసి కప్పా, అంటే ఇద్దరి తీర్పులు ఎంతవరకు కలిశాయో చెప్పే అంకె, లెక్క కట్టుకోండి. థీసిస్ వైవాలో కూడా ఇది అడుగుతారు.

సినాప్సిస్ ఇవ్వకముందే స్టాటిస్టిషియన్ దగ్గరికి రండమ్మా. డేటా అంతా అయ్యాక ఎక్సెల్ షీటు పట్టుకుని వచ్చి "పీ వాల్యూ తెప్పించండి మేడమ్" అనేవాళ్లే మాకు ఎక్కువ.

పేపర్ పబ్లికేషన్ హెల్ప్

డాక్టర్స్, థీసిస్ రైటింగ్, సినాప్సిస్, పేపర్ పబ్లికేషన్ అన్నీ మేమే చూసుకుంటాం. పది రోజుల్లో యాక్సెప్టెన్స్ గ్యారంటీ. ఫస్ట్ ఆథర్ పొజిషన్ కూడా అందుబాటులో ఉంది. ఇన్‌బాక్స్‌కి రండి.

కావలి కాలవ (నిర్వాహకులు)

పై ఖాతాను తీసేశాం. వాళ్ల పోస్టు మాత్రం ఉంచుతున్నాం, కొత్తవాళ్లు ఇలాంటివి ఎలా ఉంటాయో చూడటానికి. అలాగే అందరికీ మనవి: కాలేజీల పేర్లు, గైడుల పేర్లు ఎవరూ రాయొద్దు, ఊహించొద్దు.

ఉలవపాడు మామిడి

ఫస్ట్ ఆథర్ పొజిషన్ అమ్ముతారా!! నేను ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. ఇదంతా చదువుతుంటే అయోమయంగా ఉంది. మాలాంటి వాళ్లకు ఏమైనా ఉందా?

ఉదయగిరి కొండ

ఉంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్. అందరూ ఎస్‌టీఎస్ అంటారు. 1979 నుంచి నడుస్తోంది. మీ కాలేజీలోనే ఒక గైడుతో రెండు నెలలు చేయదగ్గ చిన్న పని. ప్రపోజల్ ఆన్‌లైన్‌లో పంపాలి, ఎంపికైతే రిపోర్టు కూడా ఒప్పుకున్నాక స్టైపెండ్ ఇస్తారు. డబ్బు కన్నా నాకు నచ్చేది, ఎంబీబీఎస్‌లోనే ఎథిక్స్ కమిటీ గుమ్మం తొక్కడం అలవాటవుతుంది. గైడుగా హెచ్‌ఓడీ (విభాగాధిపతి) వెంట పడొద్దు. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని అడుగు, వాళ్లకీ పని కావాలి, నీకు టైమూ ఇస్తారు.

పెన్నా గట్టు

నేను రిటైరైన ప్రొఫెసర్‌ని, నెల్లూరులో ఉంటాను. ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను.

అమ్మాయీ, నువ్వు ఎంచుకున్న విషయానికి మన జిల్లాతో ఉన్న చుట్టరికం నీకు తెలుసో లేదో. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఒక పేపర్ వచ్చింది. షార్ట్, పండిట్, రాఘవాచారి అని ముగ్గురి పేర్లు. మనదేశంలో ఈ జబ్బు గురించి వచ్చిన మొదటి నివేదికల్లో అదొకటి. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, 1970లో కదా ఏర్పడింది. మీ పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. షార్ట్ అప్పుడు మద్రాసు గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్. ఆ తర్వాత లండన్ వెళ్లి, మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు కాలేయంలో పెరుగుతుందని గార్న్‌హామ్‌తో కలిసి 1948లో చూపించిన మనిషి ఈయనే. ఇక పండిట్ గారు ఐసీఎంఆర్ తొలి డైరెక్టర్ అయ్యారు. అంటే ఐసీఎంఆర్‌ని మొదట నడిపిన మనిషి అంతకుముందు మన వైపు నీళ్ల మీద పేపర్ రాసినవాడే. ఈ సంగతి మీ గైడుకి చెప్పు, సినాప్సిస్ మొదటి పేరాలో కూడా రాయి. అయితే అది రాసి ఊరుకోకు. దాదాపు తొంభై ఏళ్ల నాడే తెలిసినదాన్ని మళ్లీ ఇప్పుడెందుకు చూడాలి అని ఎథిక్స్ కమిటీలో ఎవరో ఒకరు అడుగుతారు. దానికి జవాబు నీ దగ్గర ఉండాలి.

మీ గైడు పక్షాన కూడా ఒక మాట. మా రోజుల్లో పీజీలు తక్కువ, కాగితాలు తక్కువ. ఇప్పటి టీచర్‌కి మొహం చూపించి హాజరు వేసుకోవడం దగ్గరనుంచి ఎన్ని పనులో. వాళ్ల దగ్గర గంట అడిగితే దొరకదు. నెలకొకసారి అరగంట, ఫలానా రోజు, ముందురోజే ఒక పేజీ పంపుతాను అని అడిగి చూడు. మాట్లాడాక ఏం అనుకున్నారో రెండు వాక్యాలు రాసి ఆ సాయంత్రమే ఆయనకి పంపు. ఆరు నెలల తర్వాత "నేను అలా అనలేదే" అన్న పేచీ రాదు.

రచయితల పేర్ల సంగతి ఇప్పుడే తేల్చుకో. తర్వాత గొడవ పడే పీజీలను చాలామందిని చూశాను. అంతర్జాతీయ జర్నల్ ఎడిటర్ల కమిటీ, అంటే ఐసీఎంజేఈ, నాలుగు షరతులు పెట్టింది. ఆలోచనలోనో డేటాలోనో నిజంగా పని చేసి ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చేయి ఉండాలి, చివరి ప్రతిని ఒప్పుకోవాలి, తప్పొస్తే జవాబుదారీగా నిలబడాలి. నాలుగూ ఉండాలి. గది ఇచ్చినందుకో సంతకం పెట్టినందుకో పేరు రాదు, వాళ్లకు చివర కృతజ్ఞతలు చెబితే సరిపోతుంది.

మార్కాపురం పలక

సార్, మీ మీద గౌరవంతోనే అంటున్నా. ఆ నాలుగు షరతులు చదివితే మా డిపార్ట్‌మెంట్ పేపర్లలో సగం పేర్లు ఎగిరిపోతాయి. పీజీ వెళ్లి హెచ్‌ఓడీకి ఐసీఎంజేఈ చదివి వినిపిస్తే ఆ పీజీ గతి ఏంది? ప్రమోషన్‌కి పేపర్లు కావాలి, 2022లో వచ్చిన నిబంధనల్లో మొదటి ముగ్గురిలో ఉండాలి, లేదా కరెస్పాండింగ్ ఆథర్ (జర్నల్‌తో ఉత్తరాలు నడిపే రచయిత) అయ్యుండాలి అన్నారు. అందుకే అందరికీ ఆ మొదటి మూడు కుర్చీల మీదే కన్ను. రూలు అట్టా పెట్టి పీజీకి నీతులు చెబితే ఎట్టా?

పెన్నా గట్టు

నువ్వన్నది కొట్టిపారేయలేను బాబూ. పీజీ ఒంటరిగా వెళ్లి హెచ్‌ఓడీతో పోట్లాడాలని నేను అనను. కానీ సినాప్సిస్ దశలోనే "సార్, మొదటి పేరు నాది, కరెస్పాండింగ్ మీరు, మూడోది డెంటల్ వాళ్లది అనుకుంటున్నాను, సరేనా" అని మెయిల్‌లో అడిగితే నూటికి తొంభై మంది సరే అంటారు. అప్పటికి పంచుకోవడానికి ఏమీ ఉండదు కదా, ఆశ కూడా ఉండదు. పేపర్ అచ్చుకు సిద్ధమయ్యాక అడిగితేనే చిక్కు.

దర్శి సిస్టరు

నేను ఏఎన్ఎంని, డాక్టర్ని కాదు. మాట్లాడొచ్చో లేదో.

కావలి కాలవ (నిర్వాహకులు)

తప్పకుండా మాట్లాడండి సిస్టర్.

దర్శి సిస్టరు

మా ఊళ్లకు నీళ్ల సర్వే అని, కిడ్నీ సర్వే అని ఎంతమంది వచ్చారో. వస్తారు, పళ్లు చూస్తారు, మూత్రం సీసాల్లో పట్టుకుపోతారు. మళ్లీ ఒక్కరూ రారు. ఆ తర్వాత జనం అడిగేది నన్నే: "సిస్టరమ్మా, మా శాంపిల్ ఏమైంది, మాకు జబ్బు ఉందా లేదా?" నేనేం చెప్పాలి? ఈసారి ఇంకెవరైనా వస్తే సీసా ఇవ్వం అంటున్నారు. తప్పు వాళ్లది కాదు.

డాక్టరమ్మా, నువ్వు వస్తే ముందే ఒకటి తేల్చుకో. రిజల్ట్ ఎవరు చెబుతారు, ఎప్పుడు చెబుతారు. అది మొదటి రోజే ఊళ్లో చెప్పు.

ఇంకోటి, "ఏ నీళ్లు తాగుతారు" అని ఒక్క ప్రశ్న అడిగి రాసుకుంటారు మీ వాళ్లు. అందరూ "క్యాను నీళ్లు" అనే చెబుతారు. ఇంటి ముందు ప్లాంటు ఆటో వస్తుంది కదా. కానీ అన్నం వండేది బోరు నీళ్లతో, పప్పూ ఆ నీళ్లతోనే. పొలానికి పోతే అక్కడ మోటారు దగ్గర తాగుతారు. క్యాను వచ్చి ఎన్నాళ్లయింది, అంతకుముందు ఏం తాగారు, అది అడగాలి.

ఆశా వర్కర్ని వెంట పెట్టుకో. పొద్దున్నే రా, ఎండెక్కితే ఇళ్లకు తాళాలే. బడి అయితే హెడ్‌మాస్టర్‌కి ముందు చెప్పాలి, డీఎంహెచ్ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) ఆఫీసు కాగితం చూపించాలి.

మైపాడు అల

సిస్టర్, మీరు రాసిన మూడో పేరా మా ప్రశ్నావళిలో లేక ఎన్ని స్టడీలు దెబ్బతిన్నాయో! శాశ్వత దంతాల పైపొర తయారయ్యేది చిన్నతనంలోనే, మొదటి ఎనిమిదేళ్లలో. పన్నెండేళ్ల పిల్లాడి పళ్ల మీద కనపడేది నిన్నమొన్న తాగిన క్యాను నీళ్ల ప్రభావం కాదు, చిన్నప్పుడు తాగినవాటిది. ఆ వయసులో పిల్లాడు ఎక్కడున్నాడు? మన వైపు సగం కుటుంబాలు పనులకు హైదరాబాద్, బెంగళూరు వెళ్లి వస్తుంటాయి. పుట్టినప్పటినుంచి ఎక్కడెక్కడ పెరిగాడో అడగకపోతే నీళ్లకీ పళ్లకీ లంకె కుదరదు. 

పొదిలి పిల్ల గారూ, పెన్నా గట్టు సార్ అడిగిన "ఇప్పుడెందుకు" అన్నదానికి జవాబు ఇక్కడే ఉంది. ప్లాంటు నీళ్లు రాకముందు పుట్టిన పిల్లలు, వచ్చాక పుట్టిన పిల్లలు, ఈ ఇద్దరి పళ్లలో తేడా ఉందా? అది 1937లో ఎవరూ అడగలేని ప్రశ్న.

పొదిలి పిల్ల

అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. సిస్టర్ గారూ, మా ఇంట్లో కూడా పప్పు బోరు నీళ్లతోనే వండుతారు. ఇది నాకు తట్టనే లేదు.

నిన్న ఒక పేజీ రాసి గైడు గారికి ఇచ్చాను. కొండ సార్ చెప్పిన చివరి వాక్యం కూడా పెట్టాను. నిలబడే చదివారు. "నీళ్ల పరీక్షకు డబ్బు ఎవరిస్తారు?" అని అడిగారు. వద్దు అనలేదు.

ఉదయగిరి కొండ

డబ్బు అడిగారంటే మనసులో ఒప్పుకున్నట్టే.

గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో తాగునీటి ఫ్లోరైడ్ చూస్తారు. కాలేజీ నుంచి ఉత్తరం పెడితే సహకరించే అవకాశం ఎక్కువ. ముందు వాళ్ల దగ్గరున్న పాత బోరు ఫలితాలు అడగండి. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదన్నది మన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ ఫలితాల్ని బట్టి ఊళ్లను ఎక్కువ, తక్కువ అని విడగొట్టుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది. ఐసీఎంఆర్ పీజీ థీసిస్‌లకు ఆర్థిక సాయం కూడా ఇస్తుంది, ప్రకటన ఎప్పుడు వస్తుందో చూస్తుండండి.

పిల్లలు కాబట్టి తల్లిదండ్రుల అంగీకారం ఒక్కటే చాలదు. ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లల దగ్గర నోటిమాటగా, ఆపైన పద్దెనిమిది లోపు వాళ్ల దగ్గర రాతపూర్వకంగా వాళ్ల ఒప్పుదల కూడా తీసుకోవాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు. తెలుగు పత్రం మీరే రాయండి, గూగుల్ అనువాదం పెట్టకండి. సిస్టర్ గారికి ఒకసారి చదివి వినిపించండి, ఆవిడకి అర్థమైతే ఊరికి అర్థమైనట్టే.

జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేసే జిల్లా రెసిడెన్సీ మూడు నెలలు ఎటూ చేయాలి కదా, మూడు నుంచి ఐదో సెమిస్టర్ లోపు. కనిగిరి, మార్కాపురం వైపు వేయమని ఇప్పుడే అడిగిపెట్టుకోండి. డేటా కోసమనే కాదు. జిల్లా ఆరోగ్య వ్యవస్థలో ఎవరు ఏం చేస్తారో తెలిసిన ఎస్‌పీఎం డాక్టర్‌కి తర్వాత ఎక్కడికి వెళ్లినా విలువ ఉంటుంది.

మార్కాపురం పలక

సరే, థీసిస్ గట్టెక్కింది అనుకుందాం. ఆ తర్వాత? ఇంట్లో అడిగేది అదే కదా. ఎస్‌పీఎం చేసి రీసెర్చ్ అంటే జీతం ఎక్కడొస్తుంది?

పెన్నా గట్టు

మంచి ప్రశ్న. ఒక ఏడాది సీనియర్ రెసిడెంట్‌గా చేస్తే అసిస్టెంట్ ప్రొఫెసర్ దారి ఉంటుంది, అది అందరికీ తెలిసిందే. ఐసీఎంఆర్ సంస్థల్లో సైంటిస్ట్ పోస్టులు ఇంకో దారి. మనకు దగ్గర్లోనే చెన్నైలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ ఉంది. మీరంతా తప్పనిసరిగా చేసే ఆన్‌లైన్ బయోమెడికల్ రీసెర్చ్ కోర్సు తయారు చేసింది వాళ్లే. సర్టిఫికెట్ కోసం వీడియోలు పరిగెత్తించకుండా చూడండి. పినాకినీ రైల్లో కూర్చుంటే చెన్నై, ఏమంత దూరం? హైదరాబాద్‌లో ఇండియా అలయన్స్ ఉంది, 2008లో మొదలైంది, రీసెర్చ్‌కి ఫెలోషిప్‌లు ఇస్తోంది, డాక్టర్లకూ ప్రజారోగ్యం వాళ్లకూ విడిగా ఉంటాయి. పోటీ గట్టిది. దానికి అప్లై చేసేటప్పుడు చేతిలో ఒక పద్ధతైన పేపరు, నీ గురించి నాలుగు వాక్యాలు నిజంగా రాయగలిగిన ఇద్దరు మనుషులు ఉండాలి. ఆ ఇద్దరిని ఇప్పటినుంచే సంపాదించుకోవాలి.

మార్కాపురం పలక

నా మాట మీదే నేను. వంద మందిలో అయిదుగురికి కుదిరే దారి ఇది. మిగతా తొంభై అయిదు మందికి హాస్టల్ గూగుల్ ఫామే. అయితే పొదిలి పిల్లా, మా నాన్నది పలకల ఫ్యాక్టరీలో పని, అక్కడి దుమ్మూ దగ్గూ నాకు తెలుసు. నీ తర్వాత ఎవరైనా సిలికోసిస్ (రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) మీద చేస్తామంటే నాకు చెప్పు, మనుషుల్ని నేను చూపిస్తా.

ఉలవపాడు మామిడి

పలక అన్నా, రెండు నెలల్లో అయ్యే పని ఏమైనా ఉంటుందా అందులో? ఎస్‌టీఎస్‌కి అడుగుతున్నా.

మార్కాపురం పలక

ఇన్‌బాక్స్‌కి రా. ఫస్ట్ ఆథర్ పొజిషన్ అమ్మనులే.

పొదిలి పిల్ల

డెంటల్ కాలేజీకి ఉత్తరం మీద గైడు గారు ఈరోజు సంతకం పెట్టారు. రచయితల క్రమం మెయిల్‌లో అడిగాను, "సరే, ముందు పని చెయ్యి" అని జవాబు ఇచ్చారు. మైపాడు అల మేడమ్, శాంపిల్ లెక్క మీకు పంపాను, దయచేసి చూడండి.

దర్శి సిస్టర్ గారూ, ఎథిక్స్ కమిటీకి ఇచ్చేలోపు తెలుగు పత్రం మీకు చదివి వినిపించాలి. వచ్చే వారం ఏ రోజు రమ్మంటారు?

దర్శి సిస్టరు

వచ్చే వారం పల్స్ పోలియో, ఎవరం దొరకం. ఆ పై వారం బుధవారం తప్ప ఏ రోజైనా రా, బుధవారం టీకాలు. పొద్దున ఏడుకి సబ్‌సెంటర్ దగ్గర ఉంటా.